ప్రశ్నార్థకం తెలుగు అక్షరం కాదు

కాస్త ఘాటుగానే రాస్తున్నా. సాఫ్ట్‌వేర్ సోదరులెవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోండి, పర్లేదు.

తెలుగు అక్షరాలు యాభై ఆరు అని బళ్ళో చెప్పారు మనకి. మన సాఫ్ట్‌వేర్లని చూస్తే మాత్రం ఉన్నది ఒకే ఒక్క అక్షరం అన్నట్టుంది, దాని పేరు ప్రశ్నార్థకం. రసీదు మీద పేరు అచ్చేస్తే ప్రశ్నార్థకాలు. రిపోర్టు ఎక్సెల్‌లోకి దించుకుంటే ప్రశ్నార్థకాలు. సుబ్బయ్య అయినా, ఖాదర్‌వలీ అయినా, మరియమ్మ అయినా అందరూ ఒకటే, వరసగా కొక్కేలు. సమసమాజం అంటే ఇదేనేమో :-) ఇదేందయ్యా అని అడిగితే మనవాళ్ళు తడుముకోకుండా చెప్పే జవాబు ఒకటుంది. "తెలుగు కదండీ, సపోర్ట్ లేదు."

ఇది పచ్చి అబద్ధం. భారతీయ లిపులకి ఎన్‌కోడింగ్ ప్రమాణం ఇస్కీ 1991లో వచ్చింది, ఐఎస్ 13194 అనే నంబరుతో. అదే 1991లో యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చింది, అందులోనే తెలుగు ఉంది. అంటే నేను పుట్టక ముందే తెలుగుకి సపోర్ట్ ఉంది. యూనికోడ్‌లో 3072 నుంచి 3199 దాకా 128 గదులు తెలుగు కోసమే కట్టిపెట్టారు. 'క' గది నంబరు 3093. అది మారలేదు, మారదు కూడా. ముప్పై ఏళ్ళు దాటిపోయాక కూడా సపోర్ట్ లేదనేవాడు తెలుగు గురించి చెప్పట్లేదు, తన గురించి చెప్పుకుంటున్నాడు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. తెలుగు పోతున్నది సపోర్ట్ లేక కాదు. లైబ్రరీకి అర్థం కాని అక్షరం ఎదురైతే "ఏం చేయమంటావ్?" అని అది అడుగుతుంది. "నోరు మూసుకుని పారెయ్" అని మనం చెప్తున్నాం. అది పారేస్తోంది. అంతే, ఇంతకన్నా పెద్ద రహస్యమేం లేదు.

తెలియనివాళ్ళ కోసం మొదట్నుంచీ వద్దాం. కంప్యూటరు దాచుకునేది అక్షరాల్ని కాదు, బైట్లని. ఒక్కో బైటు 0 నుంచి 255 దాకా ఒక అంకె. అక్షరాన్ని బైట్లుగా మార్చడం ఎన్‌కోడింగ్, బైట్లని మళ్ళీ అక్షరాలుగా చదువుకోవడం డీకోడింగ్. యూటీఎఫ్-8 పద్ధతిలో 'క' అంటే 224, 176, 149 అనే మూడు బైట్లు. అవే మూడు బైట్లని పాత విండోస్ పాశ్చాత్య కోడ్‌పేజీ 1252లో చదివితే నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు 'ఎ', డిగ్రీ గుర్తు, ఒక నల్లచుక్క కనబడతాయి. బైట్లు అవే. చదివే పద్ధతి వేరు. కాబట్టి బైట్లతో పాటు "వీటిని ఫలానా పద్ధతిలో చదవాలి" అనే చీటీ కూడా ఉండాలి. చీటీ లేని బైట్లు ఎవరికీ పనికిరావు.

మా ఊరి సంగతే చూడండి. గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పాటు చేసినప్పుడు గిద్దలూరు, మార్కాపురం తాలూకాల్ని కర్నూలు నుంచి విడదీసి అందులో కలిపారు. 1972లో ఆ జిల్లాకే ప్రకాశం అని పేరు పెట్టారు. జిల్లాల గీతలు ఆ తర్వాతా మారుతూనే వచ్చాయి. ఊరు మాత్రం అక్కడే ఉంది, నల్లమల పక్కన, రైలు స్టేషన్‌తో సహా. ఇప్పుడు మీ చేతికి 1965 నాటి కాగితం ఒకటి వచ్చిందనుకోండి. దాని మీద "గిద్దలూరు తాలూకా" అని మాత్రమే ఉండి జిల్లా పేరు లేదు. మీరు ఒంగోలు వెళ్ళి వెతికితే అది దొరక్కపోవచ్చు. అందుకని "ఇలాంటి ఊరే లేదు" అని తేల్చేస్తారా? కాగితాన్ని చింపేస్తారా? ఆ కాగితం ఏ కాలానిదో, అప్పుడు ఏ జిల్లాయో కనుక్కుంటారు. మామూలు గుమాస్తాకి కూడా తెలిసిన విషయం ఇది. బీటెక్కులు చదివిన మనకి బైట్ల దగ్గరకొచ్చేసరికి గుర్తుండదు. చీటీ ఏదని అడగం. తోచిన జిల్లాలో వెతుకుతాం, దొరక్కపోతే చింపేస్తాం.

చింపేయడం అని ఊరికే అనలేదు. పైథాన్‌లో డీకోడ్ చేసేటప్పుడు తేడా వస్తే ఏం చేయాలో చెప్పే ఆప్షన్లున్నాయి. 'స్ట్రిక్ట్' అంటే అక్కడే ఆగి ఎర్రర్ ఇస్తుంది. 'రీప్లేస్' అంటే అర్థం కాని చోట ఒక బొమ్మ గుర్తో ప్రశ్నార్థకమో పెడుతుంది. 'ఇగ్నోర్' అంటే చప్పుడు చేయకుండా తీసేస్తుంది. ఏమీ చెప్పకపోతే 'స్ట్రిక్ట్'. ఆ లైబ్రరీ రాసినవాళ్ళు ఎక్కడివాళ్ళైనా మన డేటా మీద మనకంటే ఎక్కువ గౌరవం చూపించారన్నమాట. మనమేం చేస్తాం? రాత్రి పదకొండింటికి ఎర్రర్ వస్తుంది, నెట్‌లో వెతుకుతాం, ఎవరో 'ఇగ్నోర్' పెట్టమని రాసుంటాడు, పెడతాం. ఎర్రర్ పోయింది. టికెట్ క్లోజ్. మేనేజరు హ్యాపీ. ఎర్రరుతో పాటు ఇంకేం పోయిందో ఎవడూ చూడడు.

ఏం పోతుందో చెప్తా. ఇంతకుముందు నేను పనిచేసిన ఒక చోట (పేరు అనవసరం) పాత సిస్టమ్‌లోంచి కొత్తదానికి లక్షల రికార్డులు మార్చే పని జరిగింది. వేరే టీమ్ చేసింది. వాళ్ళ స్క్రిప్టులో టెక్స్టుని ఆస్కీలోకి మార్చే లైను ఒకటి, దాని పక్కన 'ఇగ్నోర్'. ఆస్కీ అంటే 1963 నాటి ఎన్‌కోడింగ్, మొత్తం 128 గుర్తులు, ఇంగ్లీషు తప్ప ఇంకేం పట్టదు. "ఇంటి నెం. 4-12, గిద్దలూరు" అనే అడ్రసు అందులోంచి బయటికి ఎలా వస్తుందో తెలుసా? ఒక చుక్క, 4-12, ఒక కామా. అంతే. ఇల్లూ లేదు, ఊరూ లేదు. పేర్లు తెలుగులో ఉన్నచోట ఏకంగా ఖాళీ. కానీ అటూ ఇటూ రికార్డుల సంఖ్య లెక్కేస్తే సరిపోయింది, ఎందుకంటే వరసలు ఎక్కడికీ పోలేదు, అక్షరాలే పోయాయి. టెస్టింగ్ పాస్. పాత డేటాబేసు కొన్నాళ్ళకి తీసేశారు. ఆ తర్వాత ఎవరో ఉత్తరాలు పంపడానికి అడ్రసులు తీస్తే బయటపడింది. కాగితం ఫారాలు ఉన్నవాటిని కుర్రాళ్ళని పెట్టి మళ్ళీ టైపు చేయించారు. కాగితం లేనివి? పోయాయి. వాళ్ళంతా ఇప్పుడు ఆ సిస్టమ్‌లో పేరు లేని మనుషులు.

ఇక్కడ ఒక తేడా అందరూ గమనించాలి. తెరమీద పిచ్చిగీతలు కనబడటం వేరు, ప్రశ్నార్థకాలు కనబడటం వేరు. పిచ్చిగీతలంటే బైట్లు బతికే ఉన్నాయి, తప్పు పద్ధతిలో చదివాం, సరైన పద్ధతిలో చదివితే చాలాసార్లు వెనక్కి వచ్చేస్తాయి. ప్రశ్నార్థకం అలా కాదు. 'గ' పోయి ప్రశ్నార్థకం వచ్చింది, 'ద' పోయి ప్రశ్నార్థకం వచ్చింది, రెండూ ఇప్పుడు 63 అనే ఒకే బైటు. ఏది 'గ'నో ఏది 'ద'నో ఆ బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. మా పక్క మార్కాపురం పలకలకి పేరు. పలక మీద తడిగుడ్డతో తుడిస్తే తుడిచేవాడికి తెలుసు తను తుడుస్తున్నానని. మన లైబ్రరీ కాల్ తుడిచేసి, "రాసేశాను సార్" అని చెప్తుంది.

ఆ పిచ్చిగీతలు కూడా ప్రతిసారీ వెనక్కి రావు, అదో పితలాటకం. ఆ 1252 కోడ్‌పేజీలో అయిదు బైట్లకి అక్షరమే లేదు: 129, 141, 143, 144, 157. ఇంగ్లీషు అక్షరాలకి వాటితో పనిపడదు. మనకో? యూటీఎఫ్-8లో ఉకారపు కొమ్ము చివరి బైటు 129. పొల్లు చివరి బైటు 141. 'ఏ' 143, 'ఐ' 144, 'ఝ' 157. చూశారా, సరిగ్గా మన కొమ్ములూ ఒత్తులూ వెళ్ళి ఆ గుంతల్లో పడతాయి. తెలుగు రాతలో కొమ్మూ ఒత్తూ లేని వాక్యం ఎక్కడైనా ఉందా? జావాలో తెలుగు బైట్లని ఈ కోడ్‌పేజీతో స్ట్రింగ్‌గా చదివితే ఆ అయిదు చోట్లా ఒకే బొమ్మ గుర్తు కూర్చుంటుంది, ఎర్రర్ రాదు, ఏ బైటు ఉండేదో ఆ సమాచారం అక్కడితో సమాప్తం. గిద్దలూరులో 'ద' ఒత్తూ పోతుంది, చివరి కొమ్మూ పోతుంది. కాబట్టి "తర్వాత సరిచేసుకుందాంలే" అనే మాట మనకి చెల్లదు. ఫ్రెంచివాడికి చెల్లుతుందేమో.

జావా మాట వచ్చింది కాబట్టి, చప్పుడు చేయకుండా మింగే లైబ్రరీల సంగతీ చెప్పుకుందాం. జావాలో స్ట్రింగ్‌ని బైట్లుగా మార్చమంటే, ఆ ఎన్‌కోడింగ్‌లో పట్టని అక్షరానికి ప్రశ్నార్థకం పెట్టేసి ఊరుకుంటుంది. తేడా వస్తే ఎర్రర్ ఇమ్మని చెప్పే ఎన్‌కోడర్ క్లాసు వేరే ఉంది, దాని జోలికి పోయేవాళ్ళు తక్కువ. పైగా ఏ ఎన్‌కోడింగో చెప్పకపోతే, ఆ మిషన్‌లో ఏది సెట్ చేసుంటే అది. డెవలపర్ లాప్‌టాప్‌లో పనిచేసిన తెలుగు సర్వర్ మీద ప్రశ్నార్థకాలవడానికి చాలావరకు ఇదే కారణం. 2022లో జావా 18 వచ్చాక కానీ యూటీఎఫ్-8 డిఫాల్ట్ కాలేదు. మన ఆఫీసుల్లో ఇంకా జావా 8 మీద నడిచేవి ఎన్నున్నాయో మీకే తెలుసు.

మైఎస్‌క్యూఎల్ ఇంకో రకం. 2018లో 8.0 వచ్చేదాకా దాని డిఫాల్ట్ లాటిన్-1, అక్షరక్రమం స్వీడిష్. స్వీడన్‌లో పుట్టిన డేటాబేసు కాబట్టి వాళ్ళ డిఫాల్ట్ వాళ్ళు పెట్టుకున్నారు, వాళ్ళని అనడానికేం లేదు. గిద్దలూరు పేర్లని స్వీడిష్ టేబుల్లో పెట్టిన మనల్ని అనాలి. ఆ టేబుల్లోకి తెలుగు పంపితే పాత పద్ధతిలో ప్రశ్నార్థకాలుగా మార్చి ఒక వార్నింగ్ ఇచ్చేది. 2015లో 5.7 వచ్చినప్పట్నుంచీ స్ట్రిక్ట్ మోడ్ డిఫాల్ట్ అయింది, అంటే "ఈ విలువ ఇందులో పట్టదు" అని ఆగుతుంది. శుభం. మరి మనం చేసే పనేంటి? "కొత్త వెర్షన్‌లో ఎర్రర్లొస్తున్నాయ్" అని స్ట్రిక్ట్ మోడ్ పీకేయడం! కాపలాకుక్క మొరుగుతోందని కుక్కని తరిమేసేవాడిని ఏమంటారు? మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అయితే యూనికోడ్ కాలమ్ పెట్టి కూడా, కోట్స్‌లో రాసిన తెలుగు ముందు 'ఎన్' అనే ఒక్క అక్షరం మర్చిపోతే మామూలు కొలేషన్లలో మొత్తం ప్రశ్నార్థకాలే. ఒక్క అక్షరం రాయడానికి బద్ధకం, దానికి పరువు పోయేది తెలుగుకి.

సరే, అంతటా యూటీఎఫ్-8 పెట్టేశాం, ఇక చాలా? చాలదు. బైటూ అక్షరమూ ఒకటే అనే ఇంగ్లీషు అలవాటు కోడంతా నిండిపోయి ఉంది. "గిద్దలూరు" తీసుకోండి. చూడ్డానికి గి, ద్ద, లూ, రు, నాలుగక్షరాలు. యూనికోడ్ లెక్కలో గ, గుడి, ద, పొల్లు, ద, ల, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము, మొత్తం తొమ్మిది. యూటీఎఫ్-8 బైట్లు ఇరవై ఏడు. ఇప్పుడు ఎవడో మహానుభావుడు "ఊరి పేరుకి 20 బైట్లు చాల్లే" అని కోసేశాడనుకోండి. 18 బైట్లకి "గిద్దల" అయిపోతుంది, మిగిలిన రెండు బైట్లు కొమ్ముదీర్ఘం తాలూకు మొండెం. అవతలి లైబ్రరీ ఆ మొండెం చూసి డీకోడ్ చేయలేక చేతులెత్తేస్తుంది. అప్పుడు మళ్ళీ ఎవడో 'ఇగ్నోర్' పెడతాడు. చక్రం తిరుగుతూనే ఉంటుంది.

పైథాన్ స్టాండర్డ్ లైబ్రరీలో పదాల్ని విడగొట్టే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఉంది కదా, అక్షరాలూ అంకెలూ పట్టుకునే గుర్తు. అది మన గుణింతాల్నీ పొల్లునీ అక్షరాలుగా లెక్కేయదు. "గిద్దలూరు" ఇస్తే గ, ద, దల, ర అని నాలుగు ముక్కలు చేతిలో పెడుతుంది. కసాయి కొట్టు. ఈ ముక్కలతో సెర్చ్ ఇంజన్లూ, మెషిన్ లెర్నింగ్‌లూ కట్టి, ఆనక "తెలుగుకి యాక్యురసీ రావట్లేదు" అని పేపర్లు రాస్తాం. దీనికి 'రెజెక్స్' అని వేరే లైబ్రరీ ఉంది, గుణింతాల్ని సరిగ్గానే పట్టుకుంటుంది, ఒక్క కమాండ్‌తో దిగుతుంది. వెతకాలనే బుద్ధి పుట్టాలి అంతే.

ఇంకోటి. "శ్రీశైలం" లో 'శై' ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు. ఐత్వం ఒకే గుర్తుగా రాస్తే మొత్తం ఎనిమిది కోడ్లు. ఎత్వం, ఐత్వపు కింది భాగం విడివిడిగా రాస్తే తొమ్మిది. కంటికి రెండూ ఒకటే. రెండూ సమానమని యూనికోడే చెప్తోంది, పోల్చేముందు నార్మలైజ్ చేసుకోమంటోంది. పాత మాక్ ఫైల్ సిస్టమ్ ఫైలు పేర్లని విడగొట్టే దాచేది. చేయాల్సింది ఒక్క ఫంక్షన్ కాల్. చేయకపోతే శ్రీశైలం ఉండి కూడా వెతికితే దొరకదు. అలాగే "సాఫ్ట్‌వేర్" అనే మాటలో 'ట్' కీ 'వే' కీ మధ్య కంటికి కనబడని గుర్తు ఒకటుంటుంది, ఒత్తు పడకుండా ఆపడానికి. "కనబడని క్యారెక్టర్లన్నీ చెత్త" అని ఊడ్చేసే లైబ్రరీలు దాన్నీ ఊడ్చేస్తాయి, మాట కాస్తా "సాఫ్ట్వేర్" అయి కూర్చుంటుంది. ఆ గుర్తు చెత్త కాదు, తెలుగు స్పెల్లింగులో భాగం.

2018 ఫిబ్రవరి గుర్తుందా? 'జ్ఞా' వచ్చే ఒక రకం వరస, మధ్యలో ఇదే కనబడని గుర్తుతో, మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. తెలుగు అక్షరం ఐఫోన్‌ని చంపేస్తోందని లోకమంతా రాశారు, మనవాళ్ళు కూడా అదేదో ఘనత అన్నట్టు పంచుకున్నారు. అక్షరం ఏం చేసింది పాపం? బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా అలాంటి వరసలకే అది కూలింది. తప్పు అక్షరాల్ని తెరమీద పేర్చే యాపిల్ లైబ్రరీది. ఇలాంటి వరసల్ని పరీక్షించకుండా కోట్ల ఫోన్లలోకి తోసేశారన్నమాట. అయినా ఒక మంచి విషయం గమనించండి. అది గట్టిగా కూలింది కాబట్టి అదే నెల 19న 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. కూలకుండా ఆ అక్షరం చోట ఒక ప్రశ్నార్థకం పెట్టి ఊరుకుని ఉంటే? "తెలుగు కదండీ, సపోర్ట్ లేదు" అని ఇవాల్టికీ అనుకుంటూ ఉండేవాళ్ళం.

కొందరంటారు, పాత తెలుగంతా రకరకాల ఫాంట్లలో ఉంది, దాన్ని డీకోడ్ చేయడం అయ్యే పని కాదు అని. నిజమే, అప్పట్లో ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు, ఒక్కో ఎన్‌కోడింగు. ఒకరి ఫాంటులో 'త' ఉన్న బైటు ఇంకొకరి ఫాంటులో ఒత్తు ముక్క. ఇప్పటికీ మా గిద్దలూరు లాంటి ఊళ్ళలో డీటీపీ సెంటర్‌లో శుభలేఖ కొట్టించినా, అర్జీ కొట్టించినా అను ఫాంటులో కొట్టేవాళ్ళున్నారు. ఫైల్లో ఉండేది లాటిన్ గుర్తులు, ఫాంటు తొడిగితే తెలుగు బొమ్మలు. ఆ డీటీపీ అన్నని నేనేమీ అనను, కాగితం మీద చక్కగా వస్తోంది, ఆయన పని అదే. కానీ "అయ్యే పని కాదు" అనే ఇంజనీరుని అంటాను. ఎందుకంటే అది ఎప్పుడో అయిపోయింది. నాగార్జున వెన్న గారు 'పద్మ' అని ఫైర్‌ఫాక్స్‌కి ఒక యాడాన్ రాసి, ఈనాడు, వార్త లాంటి పత్రికల ఫాంటు ఎన్‌కోడింగుల్ని విప్పి యూనికోడ్‌లోకి మార్చి చూపించారు. మనందరం తెలుగు టైపు చేయడం నేర్చుకున్న లేఖిని వెనకున్నదీ ఆ పద్మే. జీతం కోసం కాదు, ఇష్టంతో చేసిన పని. పద్ధతి కూడా గమనించండి: తెలియని బైటుని పారేయలేదు, ఒక్కో ఫాంటుకి ఒక్కో పట్టిక కూర్చుని రాశారు. చీటీ లేకపోతే చీటీ రాశారు. ఇంజనీరంటే అదీ.

ఇక మామూలుగా వచ్చే వాదనలు.

"ఒక్క బైటు కోసం ప్రొడక్షన్ ఆగిపోవాలా?" ఆగక్కర్లేదండీ. పారేయడం, కూలిపోవడం, ఈ రెండేనా ప్రపంచంలో ఉన్నవి? అర్థం కాని రికార్డుని అసలు బైట్లతో సహా పక్కన ఇంకో టేబుల్లో పెట్టండి, మిగతావి నడవనివ్వండి, పొద్దున్నే మనిషి చూస్తాడు. పైథాన్‌లో అర్థం కాని బైట్లని చెక్కుచెదరకుండా మోసుకెళ్ళి మళ్ళీ అలాగే రాసిచ్చే 'సరొగేట్ ఎస్కేప్' 2009 నుంచీ ఉంది. లాగ్ కోసమైతే బైటు విలువని కనబడేట్టు రాసే 'బ్యాక్‌స్లాష్ రీప్లేస్' ఉంది. ఇన్ని దార్లుండగా ఇగ్నోరే ఎందుకు? అక్షరాలు తక్కువనా?

"తెలుగు మూడు బైట్లు తింటుంది, స్టోరేజీ దండగ." ఇస్కీలో ఒక బైటే, యూటీఎఫ్-8లో మూడు, ఒప్పుకుంటా. ఫోన్‌లో తీసే ఒక్క మూడు మెగాబైట్ల సెల్ఫీలో పది లక్షల తెలుగు కోడ్లు పడతాయి. ఒక మండలంలో జనం పేర్లన్నీ రాయొచ్చు దాంట్లో. సెల్ఫీకి లేని దండగ మనిషి పేరుకి వచ్చిందా?

"ఇంగ్లీషులో రాస్తే సరిపోతుందిగా." సరిపోదు. రమ, రామ, రమా ముగ్గురూ ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక్కరే. మల్లి, మళ్ళీ ఒకటే. మా ఊరి పేరునే ఇంగ్లీషులో చివర ఉకారంతో ఒకరు, లేకుండా ఒకరు రాస్తారు. ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా పడితే, "నువ్వూ నువ్వూ ఒకటే అని రుజువు తీసుకురా" అని కౌంటర్ దగ్గర నిలబెట్టేది ఇంజనీరుని కాదు. బస్సెక్కి వచ్చిన ముసలాయన్ని. ఆయన పూట కూలి, ఆయన చార్జీలు. మన టికెట్ మాత్రం ఎప్పుడో క్లోజ్.

తిట్టడం అయిపోయింది, చేయాల్సింది చెప్తా. బయట్నుంచి బైట్లు లోపలికి రాగానే, ఎన్‌కోడింగ్ పేరు చెప్పి, స్ట్రిక్ట్‌గా డీకోడ్ చేయండి. లోపలంతా అక్షరాలుగానే ఉంచండి. బయటికి పంపేటప్పుడు మాత్రమే యూటీఎఫ్-8లో ఎన్‌కోడ్ చేయండి. డిఫాల్ట్ మీద దేన్నీ వదలొద్దు. తెలుగు పేర్లు తీసుకునే ఏ సాఫ్ట్‌వేర్‌నైనా ఈ అయిదు మాటలతో పరీక్షించకుండా బయటికి వదలొద్దు:

1. గిద్దలూరు. ఎక్కడ కోసినా అక్షరం మధ్యలో తెగకూడదు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నియమాల ప్రకారం 'ద్ద' లాంటి ఒత్తక్షరం ఒకే ముక్క, కోసే లైబ్రరీ ఆ నియమాలు పాటించేదై ఉండాలి.

2. శ్రీశైలం. రెండు రకాలుగానూ ఇచ్చి వెతికితే రెండూ దొరకాలి.

3. సాఫ్ట్‌వేర్. కనబడని గుర్తు అటునుంచి ఇటు వచ్చేసరికి బతికి ఉండాలి.

4. ఏనుగు. ఉన్న అయిదు కోడ్లలో మూడు ఆ 1252 గుంతల్లో పడేవే. దారిలో ఎవడైనా తప్పు కోడ్‌పేజీ పెట్టుంటే ఏనుగు పట్టిచ్చేస్తుంది.

5. జ్ఞానం. తెరమీద, పీడీఎఫ్‌లో, ప్రింటులో, మూడుచోట్లా సరిగ్గా కనబడాలి.

టెస్టింగ్‌లో రికార్డుల సంఖ్య లెక్కేయడం కాదు, అటు అక్షరాలు ఇటు అక్షరాలు పోల్చండి. వెళ్ళినవి ఎన్ని, వచ్చినవి ఎన్ని, కొత్తగా పుట్టిన ప్రశ్నార్థకాలెన్ని. పది లైన్ల స్క్రిప్టు. దీనికి బడ్జెట్ అప్రూవల్ కూడా అక్కర్లేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8 కోట్ల పైమాటే. ప్రపంచంలో ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ తలుపు తట్టినా లోపల్నుంచి ఒక తెలుగువాడు "ఎవరండీ" అంటాడు. అంత ఉండీ మన పేర్లు మనం రాసే కోడ్‌లోనే చచ్చిపోతుంటే కాలిఫోర్నియావాడిని అని ఏం లాభం? వాడు స్విచ్ పెట్టాడు, 'స్ట్రిక్ట్' వైపే పెట్టి ఇచ్చాడు. ఇటు తిప్పింది మన చెయ్యి.

రేపు ఆఫీసుకెళ్ళగానే మీ కోడ్‌బేస్‌లో 'ఇగ్నోర్' అని వెతకండి. ఎన్నిచోట్ల దొరికిందో లెక్కపెట్టి, ఆ తర్వాత చెప్పండి, తెలుగుకి సపోర్ట్ లేనిది ఎక్కడో.